పాత బైకులో స్పార్క్ ఎక్కడ ఆగుతోంది?

పాత బైకు ఎన్ని కిక్కులు కొట్టినా అందుకోకపోతే చాలామంది ముందు ప్లగ్ మారుస్తారు. పని కాకపోతే కాయిల్, ఆ తర్వాత కండెన్సర్, చివరికి స్పార్క్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె సీడీఐ. ఇవన్నీ కొన్నాక హెడ్‌లైటు డోమ్‌లో సగం తెగిన వైరు ఒకటి బయటపడుతుంది. నిజానికి ఇగ్నిషన్‌లో, అంటే స్పార్క్ పుట్టించే ఏర్పాటులో ఉండేవి పట్టుమని పది భాగాలు. చిక్కంతా ఒకే లక్షణానికి నాలుగైదు కారణాలుండటంతోనే వస్తుంది. పైగా షెడ్డులో నిలబెట్టి చూసినప్పుడు బాగానే ఉండి, రోడ్డెక్కాక మొరాయించడం ఈ లోపాలకు అలవాటు. అందుకే ఊహ మీద సామాన్లు మార్చడం మానేసి, కరెంటు వెళ్లే దారి వెంట కొలుచుకుంటూ పోవాలి. అదీ లోపం కనబడే స్థితిలోనే కొలవాలి. వేడెక్కాక ఆగిపోయే బండిని చల్లగా ఉన్నప్పుడు ఎంత పరీక్షించినా ఏమీ దొరకదు.

డిజిటల్ మల్టీమీటర్, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్, 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు అతికించి చేసుకున్న టెస్ట్ ల్యాంప్, బాగుందని తెలిసిన ప్లగ్ ఒకటి ఉంటే చాలు. కింద ఇచ్చిన అంకెలు పాత బండ్లలో మామూలుగా కనిపించేవి. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ వేరే అంకె చెబితే దాన్నే తీసుకోండి.

ముందు ఇది స్పార్క్ లోపమేనా?

పెట్రోలు అందనప్పుడు ఇంజిన్ గింజుకుంటూ ఆగుతుంది, చోక్ లాగితే కాసేపు కోలుకుంటుంది. స్పార్క్ పోయినప్పుడు స్విచ్ కట్టేసినట్టు ఠక్కున ఆగుతుంది. ఎలక్ట్రికల్ టాకోమీటర్ ఉన్న బండి అయితే చక్రం ఇంజిన్‌ను ఇంకా తిప్పుతుండగానే ముల్లు సున్నాకు పడిపోతుంది. ఇది ఇగ్నిషన్ లోపమనడానికి గట్టి ఆధారం.

బాగా మోసం చేసేది మాత్రం ట్యాంకు మూత. మూతలోని గాలి రంధ్రం మూసుకుపోతే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి ఒత్తిడి పడిపోయి, పావుగంట నడిచాక కార్బురేటర్‌కు ధార ఆగిపోతుంది. పది నిమిషాలు నిలబెడితే గాలి నెమ్మదిగా లోపలికి చేరి బండి మళ్లీ స్టార్ట్ అవుతుంది. వేడికి కాయిల్ చచ్చినా ఇదే వరస. అందుకే బండి ఆగిన మరుక్షణం రెండు పనులు చేయాలి. మూత తీసి ‘సుయ్’మని గాలి లాగిందేమో వినాలి, వెంటనే స్పార్క్ చూడాలి. చల్లారాక చూస్తే రెండూ బాగానే ఉంటాయి.

మీ బండిలో ఉన్నది ఏ పద్ధతి?

ఈ సంగతి తేల్చుకోకుండా మీటరు పట్టుకుంటే తప్పుదారి పడతారు. ఒక పద్ధతికి సరైన పరీక్ష ఇంకో పద్ధతిలో తప్పు జవాబు ఇస్తుంది.

మొదటిది బ్యాటరీ, కాయిల్, పాయింట్ల పద్ధతి. 20వ శతాబ్దం తొలినాళ్లలో కార్ల కోసం దీన్ని తీర్చిదిద్దిన చార్లెస్ కెట్టరింగ్ పేరుతో దీన్ని కెట్టరింగ్ ఇగ్నిషన్ అంటారు. పాయింట్లంటే స్విచ్‌లా కలిసి విడిపోయే రెండు లోహపు మొహాలు. అవి కలిసి ఉన్నంతసేపు కాయిల్ ప్రైమరీలో, అంటే మొదటి చుట్టలో కరెంటు పేరుకుంటుంది. ఇంజిన్‌తో తిరిగే క్యామ్ పాయింట్లను విడదీయగానే అయస్కాంత క్షేత్రం కూలిపోయి, రెండో చుట్ట అయిన సెకండరీలో వేల వోల్టులు పుడతాయి. విడిపోయేటప్పుడు పాయింట్ల మధ్య మెరుపు రాకుండా చూసేది కండెన్సర్. రెండోది ఫ్లైవీల్ మాగ్నెటో. ఇందులోనూ పాయింట్లుంటాయి కానీ కరెంటు బ్యాటరీ నుంచి రాదు, మాగ్నెట్ తిరగడం వల్ల పుడుతుంది. మూడోది సీడీఐ, అంటే కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్. ఇందులో మాగ్నెట్ దగ్గరి సోర్స్ కాయిల్ ఒక కెపాసిటర్‌ను 200 నుంచి 400 వోల్టుల దాకా నింపుతుంది, పికప్ కాయిల్ సైగ ఇవ్వగానే ఆ నిల్వంతా ఒక్కసారిగా ప్లగ్‌కు వోల్టేజీ పంపే హెచ్‌టీ (హై టెన్షన్) కాయిల్‌లోకి దూకుతుంది. పాయింట్ల స్థానంలో ట్రాన్సిస్టర్ పెట్టిన టీసీఐ కూడా ఉంది. అది మొదటి దానికి దగ్గరి చుట్టం.

ఈ తేడా ముందుగా తెలిసేది కిల్ స్విచ్ దగ్గర. బ్యాటరీ పద్ధతిలో కిల్ స్విచ్ కాయిల్‌కు వెళ్లే కరెంటును తెంచి ఇంజిన్‌ను ఆపుతుంది. మాగ్నెటోలో, సోర్స్ కాయిల్‌తో నడిచే సీడీఐలో కిల్ వైరును ఎర్త్ చేసి, అంటే బండి బాడీకి తగిలించి ఆపుతుంది. కాబట్టి మొదటి రకంలో కిల్ స్విచ్ వైర్లను కలిపే కప్లర్ ఊడితే బండి స్టార్ట్ కాదు. రెండో రకంలో అదే కప్లర్ ఊడితే బండి ఆగనే ఆగదు. మాగ్నెటో బండిలో స్పార్క్ లేకపోతే మొదటి పరీక్ష కిల్ వైరు పీకి చూడటమే. స్పార్క్ వచ్చిందంటే లోపం స్విచ్‌లోనో, ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతున్న ఆ వైరులోనో ఉంది. వాన తడికి స్విచ్‌లో తుప్పు పట్టిన బండ్లలో ఇది తరచూ కనిపిస్తుంది.

ఈ పద్ధతుల కాయిల్స్ కూడా ఒకదాని బదులు ఒకటి పనికిరావు. 12 వోల్టుల పాయింట్ల కాయిల్ ప్రైమరీ 3 నుంచి 5 ఓంలు ఉంటుంది. సీడీఐ కాయిల్ ప్రైమరీ ఒక ఓం లోపే. సీడీఐ కాయిల్‌ను పాయింట్ల బండికి బిగిస్తే 3 ఆంపియర్లు పోవాల్సిన చోట 20కి పైగా ఆంపియర్లు లాగి పాయింట్లను మాడ్చేస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉండటంతో జరిగే పొరపాటు ఇది.

స్పార్క్ పరీక్ష సరిగ్గా చేయడం

ప్లగ్ ఊడదీసి, హెడ్డుకు ఆనించి, కిక్ కొట్టి “స్పార్క్ వస్తోంది” అనుకోవడంతోనే చాలా తప్పుడు తీర్పులు మొదలవుతాయి. బయటి గాలిలో 0.6 మి.మీ. సందు దాటడానికి రెండు మూడు వేల వోల్టులు సరిపోతాయి. సిలిండర్‌లో కంప్రెషన్ కింద అదే సందుకు దానికి అనేక రెట్లు కావాలి. బయట బాగా కనిపించిన స్పార్క్ లోపల ఆరిపోవచ్చు.

అందుకని పాత ప్లగ్ ఒకటి తీసుకుని పక్క ఎలక్ట్రోడ్‌ను కోసేసి, లేదా మంచి మెకానిక్‌లు వాడే స్పార్క్ టెస్టర్‌తో, 6 మి.మీ. సందు పెట్టి చూడండి. నీలంగా, చిటచిటమని శబ్దం చేస్తూ దూకితే కాయిల్ వరకు అంతా దాదాపు బాగున్నట్టే. సన్నగా, పసుపుగా, ఒకసారి వచ్చి ఒకసారి రాకుండా ఉంటే శక్తి ఎక్కడో పోతోంది.

ఈ పరీక్షలో మూడు జాగ్రత్తలు. ప్లగ్ తీసిన రంధ్రం నుంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది, టెస్ట్ ప్లగ్‌ను దానికి దూరంగా పెట్టండి. ప్లగ్ లోహపు ఒంటిని ఇంజిన్‌కు గట్టిగా తగిలించండి. ఎర్త్ లేకుండా గాల్లో వేలాడదీసి కిక్ కొడితే ఆ వోల్టేజీ పోయే దారి లేక కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీలుస్తుంది, సీడీఐ కూడా పోవచ్చు. మూడోది, చేత్తో పట్టుకోవద్దు. పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్ష జోలికే వెళ్లకూడదు.

ప్లగ్, క్యాప్, హెచ్‌టీ వైరు

ప్లగ్ తడిసి పెట్రోలు వాసన వేస్తే పెట్రోలు చేరుతోంది, మంట రావడం లేదన్నమాట. పొడి నల్ల మసి మిశ్రమం చిక్కనైందని, జిగురు నలుపు ఆయిల్ వస్తోందని చెబుతుంది. మసి కార్బన్ కాబట్టి కరెంటు దాని మీదుగా ఎర్త్‌కు జారిపోతుంది. ఒకసారి బాగా మసిపట్టిన ప్లగ్‌ను బ్రష్షుతో తోమినా పింగాణీ సందుల్లో మసి మిగులుతుంది. పరీక్ష కోసమైనా కొత్తది వేయడమే నయం. సందు పాయింట్ల బండికి 0.6 నుంచి 0.7, సీడీఐకి 0.7 నుంచి 0.8 మి.మీ. సరిపోతుంది.

క్యాప్‌ను ఎవరూ అనుమానించరు, తప్పు ఎక్కువసార్లు అక్కడే ఉంటుంది. చాలా క్యాపుల్లో 5 కిలో ఓంల రెసిస్టర్ ఉంటుంది. వైరు నుంచి క్యాప్‌ను స్క్రూలా తిప్పి ఊడదీసి రెండు కొసల మధ్య కొలవండి. 5 బదులు 20, 30 కిలో ఓంలు చూపినా, అసలు చూపకపోయినా మార్చేయండి. ఊడదీసినప్పుడు వైరు కొస పచ్చబడి ఉంటే 5 మి.మీ. కోసేసి తాజా రాగి మీద తిరిగి బిగించండి. వైరు ఎక్కడైనా కారుతోందేమో చూడటానికి చీకట్లో ఇంజిన్ నడిపి, కొద్దిగా నీళ్లు చిలకరిస్తే నీలపు గీతలు కనిపిస్తాయి.

పాయింట్లు, కండెన్సర్

మెకానిక్‌లు ప్లాటినం అని పిలిచే ఈ పాయింట్లే పాత బండికి ప్రాణం. ముందు కంటితో చూడండి. మొహాలు బూడిదరంగులో చదునుగా ఉంటే మంచివి. ఒకదాని మీద గుంట, ఎదురుగా మొటిమ ఉంటే అరిగాయి. నల్లగా, నూనెగా ఉంటే క్యామ్ సీలు కారుతోంది. సీలు మార్చకుండా పాయింట్లు ఎన్నిసార్లు తుడిచినా వారం తిరక్కుండా మళ్లీ అదే స్థితి.

కొద్దిపాటి మాపును పాయింట్ల ఆకురాయితో తీసి, చివర్లో శుభ్రమైన తెల్ల కాగితం ముక్కను మొహాల మధ్య పెట్టి లాగాలి. గరుకు కాగితం వాడితే దాని రవ్వలు అందులోనే ఇరుక్కుంటాయి. కొత్త పాయింట్లకు తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో రాసిన పలుచని పొర ఉంటుంది. దాన్ని స్పిరిట్‌తో తుడవకపోతే కొత్తవి వేసిన రోజే స్పార్క్ రాదు. ఫైబర్ మడమ క్యామ్‌పై రాసుకునే చోట వేడికి కరగని గ్రీజు అగ్గిపుల్ల తలంత రాయండి. ఎక్కువైతే చిమ్మి మొహాల మీద పడుతుంది.

గ్యాప్ సాధారణంగా 0.35 నుంచి 0.40 మి.మీ. క్యామ్ పాయింట్లను పూర్తిగా తెరిచిన చోట ఇంజిన్‌ను నిలిపి కొలవాలి. గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే విడిపోయి టైమింగ్ ముందుకు జరుగుతుంది, అవి కలిసి ఉండే సమయం తగ్గి కాయిల్ నిండదు. తగ్గితే టైమింగ్ వెనక్కి పోతుంది, మొహాలు తొందరగా కాలతాయి. ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాప్ దానంతటదే తగ్గుతుంది కాబట్టి, పట్టించుకోని బండి నెమ్మదిగా మొద్దుబారిపోతుంది.

ఇక బ్యాటరీ బండ్లలో ఒకే ఒక్క వోల్ట్‌మీటరుతో సగం సర్క్యూట్‌ను తేల్చే పరీక్ష ఉంది. మీటరు ఒక కొనను పాయింట్ల కదిలే చేతికి, రెండోదాన్ని ఇంజిన్ బాడీకి పెట్టి స్విచ్ వేయండి. పాయింట్లు కలిసి ఉన్నప్పుడు దాదాపు సున్నా రావాలి. 0.2 వోల్టులు దాటితే మొహాలు కాలాయి, లేదా పాయింట్ల ప్లేటుకు ఎర్త్ సరిగ్గా లేదు. అట్టముక్కతో పాయింట్లను విడదీస్తే బ్యాటరీ వోల్టేజీ అంతా కనబడాలి. అప్పుడూ సున్నానే ఉంటే రెండు అనుమానాలు. కాయిల్‌కు కరెంటే రావడం లేదు, లేదా వచ్చిన కరెంటు ఎక్కడో ఎర్త్ అవుతోంది. కాయిల్ ఫీడ్ టెర్మినల్, అంటే కాయిల్‌కు కరెంటు వచ్చే కొస దగ్గర వోల్టేజీ ఉందో లేదో చూస్తే మొదటిది తేలుతుంది. రెండోదైతే కండెన్సర్ వైరు విప్పండి. వెంటనే 12 వోల్టులు కనబడితే కండెన్సర్ లోపల షార్ట్ అయింది. అప్పుడూ రాకపోతే పాయింట్ల బోల్టు దగ్గరి ఫైబర్ వాషర్లు చూడండి. వైరు ట్యాగ్, స్ప్రింగ్ ఒకదానికొకటి తగలాలి, బోల్టుకూ ప్లేటుకూ మాత్రం తగలకూడదు. వాషర్ల వరస తప్పితే కొత్త పాయింట్లు వేసిన బండి కూడా చచ్చినట్టు ఉంటుంది. ఈ పరీక్ష చేసేటప్పుడు పాయింట్లు కలిసి ఉండగా స్విచ్‌ను రెండు నిమిషాలకు మించి వేసి ఉంచవద్దు. 3 ఆంపియర్లు ఆగకుండా పారి కాయిల్ కాగిపోతుంది.

కండెన్సర్ రెండు రకాలుగా చెడుతుంది. షార్ట్ అయితే స్పార్క్ పూర్తిగా పోతుంది. లోపల తెగితే స్పార్క్ బలహీనంగా, పసుపుగా ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే పాయింట్ల మధ్య తెల్లని మెరుపులు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. కాయిల్‌లోకి పోవాల్సిన శక్తి ఆ మెరుపుల్లో కాలిపోతోందన్నమాట. చిన్న నీలపు చుక్క అప్పుడప్పుడు మెరిస్తే కంగారు అక్కర్లేదు. కెపాసిటీ కొలిచే మీటరుంటే 0.18 నుంచి 0.25 మైక్రోఫ్యారడ్ మధ్య రావాలి. అయితే మీటరు తక్కువ వోల్టేజీతో కొలుస్తుంది. బండిలో కండెన్సర్ మీద పడేది 200 వోల్టులకు పైనే. మీటరు బాగుందన్న కండెన్సర్ కూడా వేడెక్కాక చేతులెత్తేయవచ్చు. చవకైన భాగం కాబట్టి అనుమానం వస్తే మార్చి చూడటమే తెలివైన పని. ఏళ్ల తరబడి అరలో పడి ఉన్న పాత స్టాకు మాత్రం వద్దు. వాడకపోయినా లోపలి ఇన్సులేషన్ తడి పీల్చుకుని పాడైపోయి ఉంటుంది.

టైమింగ్

గ్యాప్ ముందు, టైమింగ్ తర్వాత. వరస మారిస్తే గ్యాప్ సరిచేయగానే టైమింగ్ పోతుంది. బ్యాటరీ బండిలో టెస్ట్ ల్యాంప్‌ను పాయింట్ల చేతికీ బాడీకీ మధ్య పెట్టి, స్విచ్ వేసి ఇంజిన్‌ను నెమ్మదిగా తిప్పండి. పాయింట్లు విడిపోయే క్షణంలో బల్బు వెలుగుతుంది. ఆ క్షణంలో రోటర్ మీద స్పార్క్ చోటును చూపే ‘ఎఫ్’ గుర్తు, ఇంజిన్ మీది గీతకు ఎదురుగా ఉండాలి. ‘టి’ అంటే పిస్టన్ పైకొస, దానికి పెట్టవద్దు.

మాగ్నెటో బండిలో ఈ బల్బు పనిచేయదు. పాయింట్లకు పక్కనే తక్కువ ఓంల కాయిల్ ఉండటంతో విడిపోయినా కలిసి ఉన్నట్టే కనబడుతుంది. ఆ కాయిల్ వైరు విప్పి మీటరుతో చూడాలి. లేదంటే సిగరెట్ కాగితమంత పలుచని ముక్కను మొహాల మధ్య పెట్టి, అది జారి వచ్చే క్షణాన్ని పట్టుకోవాలి.

గుర్తులు కుదిరినా బండి వెనక్కి తంతుంటే, లేదా లాగకుండా సైలెన్సర్ ఎర్రగా కాలుతుంటే, వేగం పెరిగేకొద్దీ స్పార్క్‌ను ముందుకు జరిపే అడ్వాన్స్ యూనిట్ చూడండి. దాని బరువులను వేళ్లతో విప్పి వదిలితే స్ప్రింగ్ లాగి తిరిగి చేరాలి. తుప్పుతో ముందుకు బిగుసుకుంటే కిక్ ఎదురు తంతుంది, వెనక్కి బిగుసుకుంటే బలం ఉండదు. మాగ్నెటోలో ఇంకో కారణం ఫ్లైవీల్ కింది అర్ధచంద్రాకారపు కీ. అది సగం తెగితే ఫ్లైవీల్ జరిగి, గుర్తులే అబద్ధం చెబుతాయి. ఎంత సర్దినా కుదరకపోతే ఫ్లైవీల్ లాగి కీ చూడాల్సిందే.

కాయిల్‌కు నిజంగా ఎంత వోల్టేజీ అందుతోంది

పాత వైరింగ్ స్పార్క్‌ను పూర్తిగా ఆపదు, సన్నగా తినేస్తుంది. పాయింట్లు కలిసి ఉండగానే, అంటే కరెంటు పారుతుండగానే, బ్యాటరీ దగ్గర ఒకసారి, కాయిల్ ఫీడ్ దగ్గర ఒకసారి కొలవండి. పాయింట్లు విడిపోయి ఉన్నప్పుడు కొలిస్తే తుప్పుపట్టిన స్విచ్ కూడా 12 వోల్టులు చూపి బుకాయిస్తుంది. తేడా అర వోల్టు దాటకూడదు. బ్యాటరీ వద్ద 12.4, కాయిల్ వద్ద 10.8 ఉంటే తేడా చిన్నదే అనిపిస్తుంది. కాయిల్‌లో నిలిచే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు పావు వంతు శక్తి పోయినట్టే.

ఎక్కడ పోతోందో తేల్చడానికి 5 ఆంపియర్ల ఫ్యూజ్ ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కాయిల్ ఫీడ్‌కు కరెంటు ఇవ్వండి. బండి చక్కగా నడిస్తే దోషం ఇగ్నిషన్ స్విచ్, కిల్ స్విచ్, ఫ్యూజ్ హోల్డర్, కప్లర్లలో ఏదో ఒకదానిది. ఆపాలంటే ఆ వైరే పీకాలి, కీ పనిచేయదు. ఇది బ్యాటరీ పద్ధతికే. సీడీఐకో, మాగ్నెటోకో ఇలా ఇస్తే సామాను కాలుతుంది. చాలా పాత బ్రిటిష్ బైకుల్లో బ్యాటరీ పాజిటివ్‌ను ఎర్త్ చేస్తారు. వాటిలో కాయిల్ ఫీడ్‌కు ఇవ్వాల్సింది నెగటివ్.

సెల్ఫ్ స్టార్ట్ బండి బటన్ వదిలే క్షణంలోనే అందుకుంటోందంటే బ్యాటరీ నీరసించింది. స్టార్టర్ తిప్పుతుండగా వోల్టేజీ 10కి దిగువకు పడితే ఇగ్నిషన్‌కు ఏమీ మిగలదు.

కాయిల్ సెకండరీని క్యాప్ ఊడదీసి కొలిస్తే సాధారణంగా 5 నుంచి 15 కిలో ఓంలు వస్తుంది. ఒకే కాయిల్ నుంచి రెండు ప్లగ్గులకు వైర్లు వెళ్లే బండిలో ఆ రెండు వైర్ల మధ్య కొలవాలి. తెగిపోయిన కాయిల్‌ను మీటరు పట్టిస్తుంది, వేల వోల్టుల దగ్గర ఇన్సులేషన్ చీలే కాయిల్‌ను పట్టించలేదు. రెండు కాయిల్స్ ఉన్న ట్విన్ సిలిండర్ అయితే కుడిదాన్ని ఎడమకు మార్చండి. లోపం కాయిల్ వెంట వెళ్తే కాయిల్‌దే, సిలిండర్ దగ్గరే ఉంటే వేరే దానిది.

సీడీఐ బండ్లు

సీడీఐ యూనిట్‌ను మామూలు మీటరుతో పరీక్షించలేం. మాన్యువళ్లలోని ఓంల పట్టికలు కూడా మీటరు రకాన్ని బట్టి మారిపోతాయి. కాబట్టి చుట్టూ ఉన్నవన్నీ బాగున్నాయని తేలాకే యూనిట్‌ను దోషి అనాలి. సీడీఐ కప్లర్ పీకి, వైరింగ్ వైపు నుంచే కొలవండి. దారిలోని వైర్లూ పరీక్షకు వస్తాయి. సోర్స్ కాయిల్ వందల ఓంలలో, పికప్ దాదాపు 50 నుంచి 300 ఓంల మధ్య ఉండటం మామూలు. తర్వాత మీటరును ఏసీకి మార్చి కిక్ కొడితే సోర్స్ కాయిల్ పదుల వోల్టులు చూపాలి. పికప్ కాస్తయినా కదలాలి. క్షణకాలపు గరిష్ఠ వోల్టేజీని పట్టే పీక్ వోల్టేజీ అడాప్టర్ ఉంటే ఇంకా కచ్చితం. చాలా మాన్యువళ్లు పికప్‌కు కనీసం 0.7, హెచ్‌టీ కాయిల్ ప్రైమరీకి కనీసం 100 వోల్టులు అడుగుతాయి.

చల్లగా స్టార్ట్ అయి వేడెక్కాక చచ్చే సీడీఐ బండిలో నేను ముందు అనుమానించేది సోర్స్ కాయిల్‌నే. సన్నని తీగతో వేల చుట్లు, పక్కనే ఇంజిన్ వేడి. ఆగిన వెంటనే కొలవండి. రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది కాబట్టి 20 డిగ్రీల వద్ద 300 ఓంలున్న కాయిల్ 80 డిగ్రీల వద్ద 370 చూపితే తప్పేమీ లేదు. అసలు చూపకపోయినా, చల్లగా ఉన్నప్పటికంటే తగ్గినా దాని పని అయిపోయింది. ఇంట్లోనే తేల్చాలంటే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక్కో భాగాన్ని విడిగా వేడిచేసి చూడవచ్చు.

హ్యాండిల్ ఒక వైపు తిప్పినప్పుడే మిస్సింగ్ వస్తే వైరింగ్ మెడ దగ్గర చూడండి. పైన తొడుగు బాగానే ఉండి లోపల రాగి పోచలు తెగిపోతాయి. ఆ చోట వైరు మిగతాచోట్లకంటే మెత్తగా వంగుతుంది, లాగితే సాగుతుంది. కొత్తగా రంగు వేయించిన బండికి స్పార్క్ పోతే కాయిల్ బిగించే చోట, ఇంజిన్ బోల్టుల దగ్గర రంగు గీకి ఎర్త్ చేయాలి.

కొత్త సీడీఐ బిగించే ముందు ఇంకో కొలత ఉంది. సోర్స్ కాయిల్ బదులు బ్యాటరీతో నడిచే సీడీఐ, టీసీఐ బండ్లలో ఇంజిన్‌ను రేజ్ చేసి బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. 12 వోల్టుల బండికి 13.8 నుంచి 14.5 మధ్య నిలబడాలి. 15 దాటి పోతుంటే ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్ పనిచేయడం లేదు, పాత యూనిట్‌ను చంపింది అదే కావచ్చు. దాన్ని మార్చాకే కొత్త యూనిట్ కప్లర్ పెట్టండి.